వాగ్దానం కార్డు ఇంట్లో, రిపోర్టు ఆసుపత్రిలో

ఆదరణ – పాఠకుల ఉత్తరాలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం భయం గురించే. రిపోర్టు భయం, పరాయి దేశంలో ఒంటరి భయం, గాలివాన భయం. నేను దైవశాస్త్రం చదివినదాన్ని కాదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగం మొదలుపెట్టి అక్కడే రిటైరయ్యాను. అందుకే నా జవాబుల్లో బైబిలుతో పాటు వార్డు కూడా ఉంటుంది.

*ప్రశ్న: అమ్మా, వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాది కోసం ఇచ్చే వాక్యం కార్డుల్లో నాకొచ్చిన వాగ్దానం 91వ కీర్తన 10వ వచనం: "నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు." ఆ కార్డు ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. మార్చిలో స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ తగిలింది. స్కానింగ్ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చే వారం. రాత్రిళ్లు నిద్ర లేదు, చేతులు చల్లబడిపోతున్నాయి. మా ప్రార్థన గుంపులో ఒక అక్క, "భయపడితే విశ్వాసం లేనట్టే. ఆ జబ్బు పేరు నోటితో పలకొద్దు, రిపోర్టు తెచ్చుకోవద్దు, మూడు రోజులు ఉపవాసం ఉండు" అంటోంది. నాకు షుగర్ కూడా ఉంది. అసలు నాకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో నాకే తెలియడం లేదు. – పేరు వద్దు, తెనాలి*

చెల్లెమ్మా, ముందు రిపోర్టు సంగతి. తప్పకుండా వెళ్లి తెచ్చుకోండి. ఒక్కరే వెళ్లొద్దు, మీ వారినో మీ తోబుట్టువునో వెంటబెట్టుకెళ్లండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు డాక్టరు చెప్పేది సగం చెవికెక్కదు. అడగాల్సినవి ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి: ఇదేమిటి, ఏ దశలో ఉంది, ముందు ఏం చేస్తారు, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అది ఏదో తేల్చేది మాత్రం ఆ ముక్క పరీక్షే. ఒకవేళ క్యాన్సరే అయినా, తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ అక్కకు మీరంటే ప్రేమ ఉంది కాబట్టే అంతలా పట్టించుకుంటోంది. కానీ రిపోర్టు తెచ్చుకోవద్దన్న మాట వినకండి. షుగర్ మందులు వేసుకుంటూ ఉపవాసం ఉండొద్దు, కళ్లు తిరిగి పడిపోతారు. వేళకు తిని, మందు వేసుకుని ప్రార్థన చేసుకోండి. దేవుడు వింటాడు.

ఇక వాగ్దానం. ఆ కార్డు చూసినప్పుడల్లా మీ కడుపులో ఏం తిప్పుతోందో నాకు అర్థమవుతోంది. ఆయన మాట తప్పాడా, నాలోనే ఏదైనా లోపం ఉందా అని కదా! ఈ రాత్రి 91వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చదవండి. చదివాక మత్తయి సువార్త 4వ అధ్యాయం తీయండి. సాతాను యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. అది రాసి ఉన్నది ఈ కీర్తనలోనే, మీ కార్డు మీది వచనం తర్వాత వచ్చే రెండు వచనాల్లో. ప్రభువు దూకలేదు. ఆ కీర్తనను నాకేమీ కాదనే గ్యారంటీ కాగితంలా వాడుకోలేదు. తర్వాత ఆయన సిలువ దాకా వెళ్లాడు. ఆ పాదాలకు రాయి తగలడం అటుంచండి, మేకులే దిగాయి. అంతమాత్రాన తండ్రి ఆయన్ని వదిలేశాడని మనం నమ్మడం లేదు కదా!

అదే కీర్తనలో 15వ వచనం చూడండి: "శ్రమలో నేనతనికి తోడై యుండెదను." శ్రమే రానివాళ్లకు శ్రమలో తోడు ఎందుకమ్మా? కీర్తన రాసిన మనిషికి రెండూ తెలుసు. కార్డు చిన్నది కాబట్టి మనకు ఒక్క ముక్కే అందింది. మా స్త్రీల సమాజంలో ప్రతి జనవరిలోనూ నేను అడిగేది ఇదే: కార్డు తీసుకున్నవాళ్లు ఇంటికెళ్లి ఆ అధ్యాయమంతా చదవండి అని. మీ కార్డు ఫ్రిజ్ మీదే ఉండనివ్వండి. దాని కింద పెన్నుతో 15వ వచనం రాయండి.

భయపడితే విశ్వాసం లేనట్టేనా అని అడిగారు. "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అని గెత్సేమనే తోటలో అన్నది ఎవరు? ఆ శ్రమల గిన్నె తన దగ్గర నుంచి తొలగించమని పదేపదే బతిమాలుకున్నది ఎవరు? మన ప్రభువే. ఆ రాత్రి పక్కనున్న ముగ్గురు శిష్యుల దగ్గర ఆయన ధైర్యవచనాలేమీ కోరలేదు. "నాతో కూడ మెలకువగా నుండుడి" అన్నాడు, అంతే. పౌలు సంగతి చూడండి. రెండో కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో, ఆసియలో మాకు వచ్చిన శ్రమ మా శక్తికి మించిపోయింది, బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందని సంఘానికి ఉత్తరం రాశాడు. అంతటి అపొస్తలుడు ఆ మాట సంఘం ముందు దాచుకోలేదు. మీరెందుకు దాచుకోవాలి?

నైట్ డ్యూటీలో చూసిన ఒక సంగతి చెబుతాను. ఆపరేషన్ ముందు రోజు రాత్రి చాలామంది గోడవైపు తిరిగి పడుకుంటారు. నిద్రపోతున్నారనుకుంటాం. బీపీ చూద్దామని భుజం మీద చెయ్యి వేస్తే దిండు తడిసి ఉంటుంది. ఒక రాత్రి అలాగే ఒకామెను పలకరించాను. మిరపకోతలకు వెళ్లే మనిషి, వేళ్ల సందుల్లో ఇంకా మంట ఉందని కొబ్బరినూనె రాసుకుంది. తెల్లారితే గర్భసంచి ఆపరేషన్. నా మణికట్టు పట్టుకుని, "సిస్టరమ్మా, భయమేస్తోందని దేవుడికి చెబితే కోప్పడతాడా?" అంది. కోప్పడడు, చెప్పు అన్నాను. ఆమె కళ్లు మూసుకుని, "అయ్యా, నాకు భయంగా ఉంది. పిల్లలు చిన్నోళ్లు. రేపు ఆ గదిలోకి నాతో నువ్వు రా" అంది. అంతే ఆమె ప్రార్థన. ఆమేన్ కూడా అనలేదు. కాసేపటికి నిద్రపోయింది. ఆమె ఆపరేషన్ బాగానే జరిగింది, మామూలు మనిషై ఇంటికెళ్లింది. అలా జరగనివాళ్లనూ చూశాను, వాళ్ల పక్కనా కూర్చున్నాను. ఆ గదిలోకి నాతో నువ్వు రా అన్న ప్రార్థన వాళ్లకూ సరిపోయింది. నాకు తెలిసినంతలో భయంలో ఉన్న మనిషి చేయగలిగిన అతి గొప్ప ప్రార్థన అదే.

గోడవైపు తిరిగి ఏడ్చిన రాజు కూడా ఒకాయన ఉన్నాడు. యెషయా 38వ అధ్యాయంలో హిజ్కియా. నువ్వు బతకవు, నీ ఇల్లు చక్కబెట్టుకో అని కబురొస్తే ముఖం గోడవైపు తిప్పుకుని బాగా ఏడ్చాడు. నీ కన్నీళ్లు చూశాను అన్నాడు దేవుడు. ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత మాటిచ్చాక కూడా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. దేవుడి మాట, పుండుకు కట్టు ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఆ అధ్యాయం మీ గుంపులోని ఆ అక్కతో కలిసి చదవండి.

రిపోర్టు వచ్చేదాకా ఈ రోజులు గడవాలి కదా. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోనులో జబ్బు గురించి వెతకొద్దు. లేచి లైటు వేసుకుని, గ్లాసు నీళ్లు తాగి, ఒక కీర్తన పెదవులు కదిలేలా పైకి చదవండి. మనసులో చదివితే ఆలోచనలు మధ్యలో దూరతాయి. మీ గుంపులో మీకు చనువున్న ఒక్కరిని, రాత్రి ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతావా అని ముందే అడిగి పెట్టుకోండి. మిగతావాళ్లకు నా మాటగా చెప్పండి: కూర దించి తీసుకురండి, పిల్లల్ని బడి నుంచి తీసుకురండి, ఆసుపత్రి బెంచీ మీద ఆమె పక్కన కూర్చోండి. రిపోర్టులో ఏమొచ్చినా నాకు రాయండి. ఉత్తరం అందిన రోజే జవాబిస్తాను, పత్రిక వచ్చేదాకా ఆగను.

*ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రోజూ పీడకలలు. దిండు కింద బైబిలు పెడితే పోతాయని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? – ఒక తల్లి, ఖమ్మం*

పెట్టుకుంటే తప్పేమీ లేదు గానీ, తెరవని బైబిలు తాయెత్తుతో సమానం అయిపోతుందమ్మా. పడుకునే ముందు తెరిచి, 4వ కీర్తన చివరి వచనంలోని "నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును" అనే మాట బాబు చేత చెప్పించండి. రెండు రోజుల్లో నోటికొచ్చేస్తుంది. తర్వాత ఆ రోజు ఏం భయం వేసిందో వాడినే చెప్పనివ్వండి, మధ్యలో అడ్డు రావొద్దు. నిద్రకు ముందు ఫోను చేతికి ఇవ్వకండి. బడిలో ఎవరైనా బెదిరిస్తున్నారేమో మెల్లగా కనుక్కోండి. వారాల తరబడి తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

*ప్రశ్న: అమ్మగారూ వందనాలు. మాది రాజంపేట పక్కన పల్లె. కువైట్‌లో ఇంటిపని చేస్తున్నా. తెల్లారి ఐదింటికి లేస్తే పడుకునేసరికి పన్నెండు. శుక్రవారం కూడా సెలవు లేదు, చర్చికి పోలేను. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. రాత్రి లైటు తీస్తే గుండె దడదడ కొట్టుకుంటుంది, మేడమ్ అరుపులే చెవిలో వినిపిస్తాయి. ప్రార్థన చేద్దామంటే మాట రాదు, నిద్ర ముంచుకొస్తుంది. ఇంటికి ఫోన్ చేస్తే బాగుండానని చెప్తా. దేవుడు నన్ను ఇక్కడ చూస్తాడా? – ఒక చెల్లి*

తల్లీ, నీ ఉత్తరం మా ఇంట్లో రెండుసార్లు పైకి చదివాం. మా కుటుంబ ప్రార్థనలో రోజూ నిన్ను తలుచుకుంటున్నాం.

ఆదికాండము 16వ అధ్యాయంలో నీలాంటి ఒక ఆడమనిషి ఉంది, హాగరు. ఐగుప్తు నుంచి వచ్చి పరాయి ఇంట్లో పని చేసేది. ఆ అధ్యాయంలో యజమాని గానీ యజమానురాలు గానీ ఆమెను పేరుపెట్టి పిలవరు, దాసి అంటారు అంతే. యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారి దారిన పారిపోయి నీటి బుగ్గ దగ్గర కూలబడితే, దేవుని దూత వచ్చి హాగరూ అని పేరుపెట్టి పిలిచాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగని ప్రశ్నలవి. అప్పుడు ఆమె, "చూచుచున్న దేవుడవు నీవే" అని దేవుడికే ఒక పేరు పెట్టింది. బైబిల్లో దేవుడికి పేరు పెట్టిన మొదటి మనిషి ఆమె. అబ్రాహాము కంటే ముందు, మోషే కంటే ముందు, ఒక ఇంటిపని మనిషి. దేవుడు నన్ను ఇక్కడ చూస్తాడా అని నువ్వు అడిగావు. జవాబు హాగరు చెప్పింది, నేను చెప్పక్కర్లేదు.

ఆ అధ్యాయంలోనే దూత ఆమెను వెనక్కి వెళ్లి అణిగి ఉండమన్నాడు. ఆ ముక్క చూపించి ఎవరైనా దెబ్బలు తింటూ పడి ఉండమంటే నువ్వు వినకు. 21వ అధ్యాయం దాకా చదువు. ఆమె ఆ ఇల్లు దాటి బయటికి వచ్చేసినప్పుడు, తోలు తిత్తిలో నీళ్లు అయిపోయి, పిల్లవాడు చచ్చిపోతాడని దూరంగా కూర్చుని ఏడుస్తుంటే, బావి చూపించినవాడూ అదే దేవుడు.

మాటలు రాకపోతే రానీ. మనకు ఎలా ప్రార్థన చేయాలో తెలియనప్పుడు ఆత్మ తానే మన పక్షాన మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. గిన్నెలు తోమేటప్పుడు, గుడ్డలు ఇస్త్రీ చేసేటప్పుడు, "నన్ను చూసే దేవా, నేనిక్కడున్నా" అను. ఎంత పనిలో ఉన్నా ఆ ఒక్క మాట పడుతుంది. ప్రార్థన మధ్యలో నిద్రపోతే దోషమేమీ లేదు, నీ ఒళ్లు అలసిపోయింది. మీ ఊరి పాస్టరు అయ్యగారిని ఆదివారం వాక్యం వాయిస్ మెసేజ్‌గా పంపమని అడుగు, సంతోషంగా పంపుతారు. కువైట్‌లో తెలుగు ఆరాధనలు జరుగుతాయి. అక్కడి సంఘంలో ఒక్క తెలుగు అక్క నంబరైనా సంపాదించు.

ఇప్పుడు చెప్పేది కూడా వాక్యమంత శ్రద్ధగా చదువు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. నీ దగ్గర మూడూ తప్పుతున్నారు. చెయ్యి చేసుకున్నా, జీతం ఆపినా, గదికి తాళం వేసినా ఆలస్యం చేయకుండా భారత ఎంబసీకి ఫోన్ చెయ్యి. ఆ నంబరు ఫోనులో ఏ పిన్ని పేరుతోనో దాచుకో. ఇక్కడి నుంచి మీవాళ్లు ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి, విదేశాంగ శాఖవాళ్ల మదద్ పోర్టల్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. అలా పెట్టాలంటే నీ సంగతి వాళ్లకు తెలియాలి కదా. పిల్లలకు చెప్పనక్కర్లేదు. మీ అమ్మకో అక్కకో, ఒక్కరికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ రాత్రే చెప్పు.

*ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరు నెలలుగా మెట్రోలో ఉన్నట్టుండి ఊపిరాడక, చచ్చిపోతున్నానేమో అనిపిస్తోంది. ఈసీజీ నార్మల్. సైకియాట్రిస్ట్ మాత్రలు రాశారు, కొంత నయం. అమ్మ మాత్రం ఇది దురాత్మ పని, మాత్రలు ఆపి ప్రార్థన చేయించుకో అంటోంది. ఏం చేయాలి? – ఒక యువకుడు*

మాత్రలు ఆపొద్దు బాబూ. ఆ మందులు ఉన్నట్టుండి మానేస్తే ఇబ్బంది పెరుగుతుంది. తగ్గించాలన్నా డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించాలి. ప్రార్థన తప్పకుండా చేయించుకో. మీ అమ్మగారు తల మీద చెయ్యి పెట్టి చేసే ప్రార్థన కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది?

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం అమ్మతో కూర్చుని చదువు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దించిన ఏలీయా, ఆ వెంటనే యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయాడు. ఒక చెట్టు కింద పడి, చాలు, నా ప్రాణం తీసెయ్ అన్నాడు. అంతటి ప్రవక్తకు నీకు వచ్చిన స్థితే వచ్చింది. అతనిలో దురాత్మ ఉందని అక్కడ రాయలేదు. దూత అతణ్ణి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తిండి, ఆ నిద్ర అయ్యాకే. ముందు ఒంటిని చూసుకున్న దేవుడు మాత్రను చూసి నొచ్చుకుంటాడని నేననుకోను. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా.

అమ్మను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తల్లికి నువ్వు చెబితే ఒక రకం, డాక్టరు చెబితే ఒక రకం. రాత్రి ఎప్పుడైనా మరీ ఉక్కిరిబిక్కిరైతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

*ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై దాటాయి. కోడూరు దగ్గర పల్లె. 1977 ఉప్పెనలో మా తమ్ముడు, చెల్లెలు నా చేతుల్లోంచే కొట్టుకుపోయారు. నేను తాటిచెట్టు పట్టుకుని బతికాను. వాళ్ల శవాలు కూడా దొరకలేదు. సంఘపెద్దగా ఎన్నో ఏళ్లు చేశాను, ప్రార్థన మానింది లేదు. అయినా ఇప్పటికీ గాలి హోరుమంటే లేచి కూర్చుని వణికిపోతాను. కోడలు "పెద్దవారు, మీకే విశ్వాసం లేకపోతే ఎలా మామయ్యా" అంటుంది. ఇన్నేళ్ల విశ్వాసం ఏమైనట్టు? – దివిసీమ నుంచి*

అన్నయ్యగారూ, ఆ నవంబరు 19 శనివారం. నేనప్పుడు నర్సింగ్ చదువుతున్నాను. కొద్ది రోజులకు మమ్మల్ని సహాయ బృందంతో అవనిగడ్డ వైపు పంపారు. దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. మీ ఊళ్లలో ఆ లెక్క ఒప్పుకునేవాళ్లు తక్కువని నాకు తెలుసు. బావుల్లో ఉప్పునీళ్లు, పొలాల్లో పశువుల కళేబరాలు. మేం టీకాలు వేస్తున్నాం. ఒకతణ్ణి చెయ్యి చాచమంటే చాచాడు గానీ, పిడికిలి విప్పలేకపోయాడు. రాత్రంతా చెట్టును పట్టుకున్న వేళ్లు అలాగే బిగుసుకుపోయాయి. గోళ్ల కింద బెరడు ఉంది. వేడినీళ్లు పెట్టి ఒక్కో వేలూ మెల్లగా తెరిచాం. మీ ఉత్తరం చదవగానే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది.

మీ ఒంటికి ఆ రాత్రి ఇంకా గుర్తుంది. గాలి హోరు వినగానే మీరు ఆలోచించే లోపే అది చెట్టును పట్టుకుంటుంది. అందులో మీ విశ్వాసం తప్పేముంది? గాలికి వణుకుతూ కూడా ఇన్నేళ్లు ప్రార్థన మానలేదన్నారు. విశ్వాసం ఏమైనట్టని అడిగారు, ప్రార్థన మానలేదన్న ఆ మాట రాసిందే మీ విశ్వాసం.

తుఫానులో శిష్యుల కథ మీకు నేను చెప్పక్కర్లేదు. మార్కు 4వ అధ్యాయంలో, మేం నశించిపోతున్నాం, నీకు చింత లేదా అని వాళ్లు ప్రభువును లేపారు. మార్కు రాసినదాన్ని బట్టి ఆయన ముందు లేచి గాలిని గద్దించి, తర్వాతే ఎందుకు భయపడుతున్నారని అడిగాడు. మత్తయి ఆ వరసను తిరగేసి రాశాడు. మీరు పెద్దలు కాబట్టి ఆ తేడా పట్టుకుంటారని నేనే చెబుతున్నాను. ఏ సువార్తలో చూసినా ఆయన వాళ్ల భయం తగ్గేదాకా ఆగలేదు, వాళ్ల కేకకు లేచాడు. ఆ పడవలోనే ఉన్నాడు. కానీ అన్నయ్యగారూ, మీ తమ్ముడూ చెల్లెలూ కొట్టుకుపోయిన రాత్రి గాలి ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. చెప్పగలమనే వాళ్ల మాట మీరు పట్టించుకోకండి. 88వ కీర్తన చదవండి. మొదటి నుంచి చివరి దాకా మొరే, చివరి మాట కూడా చీకటే. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. మీరు ఆ కీర్తనతో ప్రార్థన చేయొచ్చు, చివర్లో స్తుతి కలపాల్సిన పనిలేదు.

ఒకటి అడుగుతాను. ఆ ఇద్దరికీ సమాధి కార్యక్రమం జరగలేదు. వాళ్ల జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగిందా? ఆ రోజుల్లో శవాలను వరసగా పూడ్చడానికే మనుషులు చాలలేదు. దొరకనివాళ్ల కోసం ఎవరు కూడిక పెట్టారు? ఈ నవంబరు 19న మీ ఇంట్లో పెట్టించండి. ఇన్నేళ్ల తర్వాత ఏమిటని ఎవరైనా అంటే అననివ్వండి. ఇద్దరి పేర్లూ పైకి చెప్పండి. వాళ్లెలా ఉండేవాళ్లో, ఏ పాట పాడేవాళ్లో మనవలకు చెప్పండి. కోడలిని యోహాను 11వ అధ్యాయం చదవమనండి. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు సమాధి దగ్గరికి వెళ్లే ముందు కన్నీళ్లు విడిచిన చోటు అది. ఆ అమ్మాయికి మీ సంగతి పూర్తిగా తెలియక అలా అని ఉంటుంది. తెలిస్తే గాలి వచ్చిన రాత్రి మీ మంచం పక్కన కూర్చునేది ఆమే అవుతుంది.

తుఫాను హెచ్చరిక వస్తే అందరికంటే ముందు షెల్టరుకు వెళ్లండి. పెద్దాయన వెళ్తే ఊరంతా కదులుతుంది. వణుకు ఎక్కువై నిద్ర పూర్తిగా పోతే డాక్టరుకు చెప్పండి, ఈ వయసులో కూడా దానికి వైద్యం ఉంది. కూడిక సంగతి మీ అయ్యగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి. నవంబరు నెలాఖరు నుంచి, క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ కూడికలు మొదలైతే ఆయన దొరకరు.